తెరకు వేసిన తెర: సిగ్నల్, కీపాస్‌ఎక్స్‌సీలలో స్క్రీన్‌షాట్ అడ్డు ఎంతవరకు పనిచేస్తుంది

కంప్యూటర్‌లో తెరిచి ఉన్న చాట్‌నో పాస్‌వర్డ్‌నో ఇంకో ప్రోగ్రామ్ బొమ్మ తీసుకోకుండా పూర్తిగా ఆపడం ఎవరి తరమూ కాదు. కానీ చాలా దారులు మూసేయొచ్చు, అదీ పైసా ఖర్చు లేకుండా. ఆ పని శ్రద్ధగా చేస్తున్న ఉచిత ప్రోగ్రాములు రెండు: మెసేజీలకు సిగ్నల్ డెస్క్‌టాప్, పాస్‌వర్డ్‌లకు కీపాస్‌ఎక్స్‌సీ. విండోస్‌లో రెండూ నమ్మి వాడదగ్గవే. మ్యాక్‌లో ఈ ఒక్క విషయంలో వాటిని నమ్ముకోవద్దు. లినక్స్‌లో అసలు ఈ సదుపాయమే లేదు.

సిగ్నల్ ఈ సదుపాయానికి పెట్టిన పేరు స్క్రీన్ సెక్యూరిటీ. 2025 మేలో వచ్చింది. విండోస్ 11లో మనం ఏమీ చేయకుండానే ఆన్ అయి ఉంటుంది. ఇది రావడానికి కారణం మైక్రోసాఫ్ట్ రీకాల్. కోపైలట్ ప్లస్ అనే ఏఐ కంప్యూటర్లలో కొన్ని సెకన్లకోసారి స్క్రీన్‌ను బొమ్మ తీసి దాచి, తర్వాత వెతుక్కోవడానికి ఇచ్చే సదుపాయం అది. 2024 మే 20న ప్రకటించాక ఆ బొమ్మల్లోని అక్షరాలన్నీ తాళం లేని మామూలు డేటాబేస్‌లో పడుతున్నాయని భద్రతా నిపుణులు బయటపెట్టారు. గొడవ పెద్దదై విడుదల వాయిదా పడింది. ఎన్‌క్రిప్షన్, విండోస్ హలోతో (ముఖం, వేలిముద్ర లేదా పిన్‌తో) తెరవడం, మనం ఒప్పుకుంటేనే మొదలవడం లాంటి మార్పులు చేసి 2025 ఏప్రిల్‌లో అందరికీ వదిలారు. మారింది నిజమే. అయినా ‘నా విండోను బొమ్మ తీయొద్దు’ అని ఒక యాప్ రీకాల్‌కు నేరుగా చెప్పే వీలు మాత్రం మైక్రోసాఫ్ట్ ఇవ్వలేదు. అందుకే సినిమాలను కాపీ కాకుండా కాపాడే పద్ధతికి దగ్గరగా ఉన్న ఒక పాత విండోస్ ఫంక్షన్‌ను సిగ్నల్ వాడుకుంది.

ఆ ఫంక్షన్ పేరు సెట్‌విండోడిస్‌ప్లేఎఫినిటీ. విండోస్ 7 కాలం నుంచీ ఉంది. స్క్రీన్ మీద మనకు కనిపించేదంతా డెస్క్‌టాప్ విండో మేనేజర్ అనే భాగం ఒక్కో విండోనూ పేర్చి తయారుచేస్తుంది. స్క్రీన్‌షాట్ తీసే ప్రోగ్రాములు బొమ్మను తీసుకునేది ఆ పేర్పు నుంచే. ఈ ఫంక్షన్‌తో ఒక విండో మీద ‘బొమ్మ తీయొద్దు’ అనే గుర్తు వేస్తే మానిటర్‌కు వెళ్లే పేర్పులో అది ఉంటుంది, బొమ్మ అడిగిన ప్రోగ్రామ్‌కు ఇచ్చే పేర్పులో ఉండదు. మొదట్లో ఇలాంటి విండో బొమ్మలో నల్లటి డబ్బాలా వచ్చేది. విండోస్ 10లోని 2004 వెర్షన్ నుంచి రెండో రకం గుర్తు వచ్చింది. దానితో విండో మొత్తంగా మాయమై, వెనకున్నది కనిపిస్తుంది. వెబ్ పద్ధతిలో డెస్క్‌టాప్ ప్రోగ్రాములు కట్టే ఎలక్ట్రాన్ అనే చట్రం మీద కట్టినవాటికి, సిగ్నల్ డెస్క్‌టాప్ కూడా అందులోదే, ఇదంతా ఒక్క లైను కోడ్‌తో అయిపోతుంది.

మీ కంప్యూటర్‌లో పనిచేస్తోందో లేదో చూసుకోవడం ఒక్క నిమిషం పని. వెనక ఒక ఎక్సెల్ షీటు తెరిచి, దాని మీద సిగ్నల్ విండో పెట్టండి. విండోస్, షిఫ్ట్, ఎస్ మీటలు కలిపి నొక్కి, సిగ్నల్ ఉన్న చోటే గీత గీసి, తీసిన బొమ్మను పెయింట్‌లో పేస్ట్ చేయండి. చాట్ ఉండాల్సిన చోట షీటులోని గళ్లు, అంకెలు వస్తే సరిగ్గా ఉన్నట్టు. చాట్ వస్తే సిగ్నల్ సెట్టింగ్స్‌లో ప్రైవసీలోకి వెళ్లి స్క్రీన్ సెక్యూరిటీని ఆన్ చేసి మళ్లీ చూడండి. దాన్ని ఆఫ్ చేయబోతే హెచ్చరిక చూపించి, ఖాయమేనా అని ఇంకోసారి అడుగుతుంది. ఆ అడ్డు మంచిదే, చెయ్యి జారి ఆఫ్ అయిపోదు.

మీటింగుల్లో దీనితో ఒక తికమక వస్తుంది. టీమ్స్‌లోనో జూమ్‌లోనో మొత్తం స్క్రీన్ షేర్ చేసి సిగ్నల్‌లో ఏదో చూపిద్దామనుకుంటే మీకు కనిపిస్తుంది, అవతలివాళ్లకు కనిపించదు. ‘కనిపిస్తోందా?’ అని అడుగుతూ పది నిమిషాలు పోగొట్టుకోకండి, తప్పు నెట్‌వర్క్‌ది కాదు. మరోవైపు ఇదే దీని గొప్ప లాభం. స్క్రీన్ షేర్‌లో ఉండగా సిగ్నల్ విండో పొరపాటున ముందుకొచ్చినా ఇంటి సంగతులు ఆఫీసు వాళ్ల కంట పడవు. రీకాల్ లేని కంప్యూటర్ వాడేవాళ్లు కూడా దీన్ని ఆన్‌లోనే ఉంచుకోవాలనడానికి ఈ ఒక్క కారణం చాలు.

లోపాల్లో మొదటిది నోటిఫికేషన్. గుర్తు పడేది సిగ్నల్ సొంత విండో మీద మాత్రమే. స్క్రీన్ కింద కుడి మూలన పైకొచ్చే చిన్న డబ్బాను గీసేది విండోస్, సిగ్నల్ కాదు. కాబట్టి మెసేజ్ పంపినవాళ్ల పేరు, మొదటి రెండు మాటలు ఆ డబ్బాలో ఉంటే అవి స్క్రీన్‌షాట్‌లోనూ పడతాయి, మీటింగ్‌లోనూ కనిపిస్తాయి. ముందు తలుపు వేసి కిటికీ తెరిచి ఉంచినట్టే. సిగ్నల్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్‌కు వెళ్లి పేరు, మెసేజ్ రెండూ చూపించని ఆప్షన్ పెట్టుకోండి. స్క్రీన్ సెక్యూరిటీ ఆన్ అయినప్పుడు ఈ మార్పు కూడా చేసుకోమని సిగ్నలే గుర్తుచేస్తే బాగుండేది.

రెండోది, చాట్ నుంచి బయటకు వెళ్లినవి. ఎవరో పంపిన ఆధార్ కార్డు ఫొటోను డౌన్‌లోడ్ చేసి ఫొటోస్ యాప్‌లో తెరిచారనుకోండి. అప్పుడది సిగ్నల్ విండో కాదు, గుర్తు వర్తించదు. రీకాల్ ఆన్‌లో ఉంటే మిగతావాటిలాగే దీన్నీ బొమ్మ తీసేస్తుంది. లింకు నొక్కితే తెరుచుకునే బ్రౌజర్‌దీ, కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసిన నంబర్‌దీ అదే సంగతి. ఫొటోను సిగ్నల్ లోపలే చూసి వదిలేయడం మంచిది.

మూడోది అవతలి మనిషి. మీ సెట్టింగ్ మీ కంప్యూటర్ వరకే. పదిమంది గ్రూపులో ఒక్కరు దాన్ని ఆఫ్ చేసుకున్నా ఆ గ్రూపు మాటలన్నీ వాళ్ల స్క్రీన్ మీద బొమ్మ తీయడానికి దొరుకుతాయి. ఫోన్ ఎత్తి మానిటర్‌ను ఫొటో తీస్తే ఏ సాఫ్ట్‌వేరూ ఏమీ చేయలేదు. ఈ గుర్తు భద్రతా గోడ కాదని, పూర్తి కాపుదలకు హామీ లేదని మైక్రోసాఫ్ట్ తన డెవలపర్ పత్రాల్లో ఈ ఫోటో ఉదాహరణతోనే రాసిపెట్టింది.

నాలుగోది వైరస్. ఈ గుర్తును మార్చే హక్కు ఆ విండో ఉన్న ప్రాసెస్‌కే, అంటే నడుస్తున్న ఆ ప్రోగ్రామ్‌కే, ఉంటుంది. కానీ మీ లాగిన్‌తో నడిచే దొంగ ప్రోగ్రామ్ ఆ ప్రాసెస్‌లోకే చొరబడి గుర్తు తీసేయగలదు. స్క్రీన్ రీడర్ల కోసం ఉన్న యాక్సెసిబిలిటీ దారిలో అక్షరాలను నేరుగా చదువుకోనూవచ్చు, ఎందుకంటే గుర్తు దాచేది బొమ్మను, లోపలి అక్షరాలను కాదు. కాబట్టి దీన్ని యాంటీవైరస్‌కు బదులు అనుకోవద్దు. ఒద్దికగా ఉండే ప్రోగ్రాములనూ, అనుకోకుండా జరిగే పొరపాట్లనూ ఇది ఆపుతుంది. కావాలని పగబట్టి వచ్చినవాణ్ని ఆపదు.

చూపు తక్కువున్నవాళ్ల ఇబ్బంది వేరుగా చెప్పాలి. స్క్రీన్‌ను పెద్దది చేసి చూపించే సాధనాల్లో కొన్ని, కొన్ని స్క్రీన్ రీడర్లు ఈ గుర్తు ఉన్న విండోతో సరిగ్గా పనిచేయకపోవచ్చని సిగ్నలే ముందుగా చెప్పింది. ఆఫ్ చేసే వీలు ఉంచింది అందుకే. పెద్దవాళ్ల కంప్యూటర్‌లో సిగ్నల్ పెట్టి ఇచ్చేటప్పుడు వాళ్లు మాగ్నిఫయర్ వాడుతుంటే అది ఆన్ చేసి చాట్ కనిపిస్తోందో లేదో ఒకసారి చూడండి. కనిపించకపోతే స్క్రీన్ సెక్యూరిటీ ఆఫ్ చేసి, రీకాల్‌ను మూలంలోనే ఆపేయండి. విండోస్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద రీకాల్ అండ్ స్నాప్‌షాట్స్ అని ఉంటుంది. అక్కడ మొత్తం ఆపేయొచ్చు, లేదా ఫలానా యాప్‌ను, ఫలానా సైట్‌ను వదిలేయమని చెప్పొచ్చు. ఆ పేజీయే లేకపోతే మీది కోపైలట్ ప్లస్ కంప్యూటర్ కాదని అర్థం, ఆ దిగులు అక్కర్లేదు.

బ్రేవ్ బ్రౌజర్ 2025 జులైలో ఇదే సమస్యకు వేరే దారి పట్టింది. రీకాల్ ప్రైవేట్ విండోలను వదిలేస్తుంది కాబట్టి, ప్రతి ట్యాబ్‌నూ ప్రైవేట్ అన్నట్టుగా విండోస్‌కు చెబుతుంది. దీనివల్ల రీకాల్ ఒక్కటే ఆగుతుంది, మామూలు స్క్రీన్‌షాట్, స్క్రీన్ షేర్ ఎప్పటిలా పనిచేస్తాయి. బ్రౌజర్‌కు అదే సరైన పద్ధతి. మెసేజీలకు మాత్రం సిగ్నల్ మొరటు పద్ధతే మేలు. అక్కడ స్క్రీన్‌షాట్ అవసరం అరుదు, జారితే నష్టం ఎక్కువ.

ఇక కీపాస్‌ఎక్స్‌సీ. రీకాల్ అనే మాట పుట్టకముందే, 2022 మార్చిలో వచ్చిన 2.7.0 వెర్షన్‌లోనే విండోస్‌లో, మ్యాక్‌లో స్క్రీన్‌షాట్‌లను ఆపడం మొదలుపెట్టింది. మనం అడగకుండానే ఆన్. స్క్రీన్‌షాట్ కావలసి వస్తే వ్యూ మెనూలో అలో స్క్రీన్ క్యాప్చర్ నొక్కాలి. పాస్‌వర్డ్‌లు మామూలుగా చుక్కల వెనకే ఉంటాయి కదా, ఇదెందుకు అనిపించవచ్చు. ఎంట్రీల పేర్లు, యూజర్ నేమ్‌లు, మీకు ఏయే బ్యాంకుల్లో ఖాతాలున్నాయన్న చిట్టా, ఇవి చుక్కల వెనక ఉండవు. మోసగాడికి కావలసిన మొదటి సమాచారం ఆ చిట్టాయే.

పేరులో దగ్గరగా ఉండే పాత కీపాస్ 2 వేరే ప్రోగ్రామ్. అందులోనూ ఈ సదుపాయం ఉంది, కానీ మొదట ఆఫ్‌లో ఉంటుంది. కాన్ఫిగ్ ఫైల్‌లోని సెక్యూరిటీ భాగంలో ప్రివెంట్ స్క్రీన్ క్యాప్చర్ అనే విలువను ట్రూ చేయాలి. ఫైలు దిద్దడం అలవాటు లేనివాళ్లు ఆ పని చేయరు, చేయని సెట్టింగ్ ఉన్నా లేనట్టే. ఈ ఒక్క విషయంలో కీపాస్‌ఎక్స్‌సీకే మా ఓటు.

కస్టమర్ కేర్ అని ఫోన్ చేసి ఎనీడెస్క్ లాంటి రిమోట్ యాప్ పెట్టించే మోసాలు తెలుగు ఇళ్లలో చాలామందికి తెలిసినవే. ఆ యాప్ పేరు చెప్పి ఆర్‌బీఐ 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. అలాంటివాడు మీ స్క్రీన్ చూస్తుండగా కీపాస్‌ఎక్స్‌సీ తెరిచారనుకోండి. గుర్తు పని చేసి విండో వాడికి కనిపించకపోవచ్చు. కానీ కీబోర్డు, మౌసు వాడి చేతిలోనే ఉన్నాయి. ఎంట్రీ ఎంపికై ఉన్నప్పుడు కంట్రోల్, సీ నొక్కితే పాస్‌వర్డ్ కాపీ అవుతుంది, నోట్‌ప్యాడ్ తెరిచి కంట్రోల్, వీ నొక్కితే అచ్చంగా కనిపిస్తుంది. కాపీ అయినదాన్ని కీపాస్‌ఎక్స్‌సీ 10 సెకన్లలో తుడిచేస్తుంది, అయినా ఈ పనికి 3 సెకన్లు చాలు. కంటికి తెర వేసినంత మాత్రాన చేతికి సంకెళ్లు పడవు. రిమోట్ యాప్ నడుస్తుండగా పాస్‌వర్డ్ ఫైలు తెరవనే వద్దు.

నెట్‌బ్యాంకింగ్ విషయంలో ఇంకో భ్రమ ఉంది. ఫోన్‌లో చాలా బ్యాంకు యాప్‌లు స్క్రీన్‌షాట్ తీయనివ్వవు, కాబట్టి కంప్యూటర్‌లోనూ అంతే అనుకుంటారు. ఆండ్రాయిడ్‌లో యాప్‌కు ఆ అధికారం ఉంది, బ్రౌజర్‌లో తెరుచుకున్న వెబ్‌సైట్‌కు లేదు. ప్రింట్ స్క్రీన్ మీట నొక్కడాన్ని పసిగట్టడం, కర్సర్ బయటకు పోగానే పేజీని మసకబార్చడం లాంటి ఎత్తులు కొన్ని సైట్లు వేస్తాయి. విండోస్‌లో స్క్రీన్‌షాట్ తీసే స్నిప్పింగ్ టూల్ మీటలు సైటుదాకా రాకముందే విండోస్ అందుకుంటుంది కాబట్టి అవి నిలవవు. సినిమా సైట్లలో బొమ్మ నల్లగా రావడం డీఆర్‌ఎమ్ (కాపీ కాకుండా తాళం వేసిన) వీడియోకు ఉన్న ప్రత్యేక దారి వల్ల, మామూలు అక్షరాలకు ఆ దారి లేదు. ఖాతా నిల్వ కనిపించే ట్యాబ్‌ను స్క్రీన్ షేర్‌కు ముందే మూసేయాలి. మొత్తం స్క్రీన్ కాకుండా కావలసిన ఒక్క విండోనే షేర్ చేయడం అన్నింటికన్నా మంచి అలవాటు.

మ్యాక్‌లో విండో ఈ మాట చెప్పుకునే పద్ధతి వేరు, తన షేరింగ్ టైప్‌ను నన్ అని పెట్టుకోవాలి. పాత తరహా స్క్రీన్‌షాట్ ప్రోగ్రాములు దాన్ని గౌరవించేవి. స్క్రీన్‌ను బొమ్మ తీయడానికి ఆపిల్ కొత్తగా తెచ్చిన స్క్రీన్‌క్యాప్చర్‌కిట్ వాడే ప్రోగ్రాములు ఆ మాట వినకుండా విండోను బొమ్మ తీసేస్తాయి. పొరపాటు కాదు, ఆపిల్ కావాలనే చేసిన మార్పు అని ఎలక్ట్రాన్ తన పత్రాల్లోనే రాసింది. కాబట్టి మ్యాక్‌లో అసలు కాపలా అనుమతుల దగ్గరే. సిస్టమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద స్క్రీన్ అండ్ సిస్టమ్ ఆడియో రికార్డింగ్ (పాత మ్యాక్‌ఓఎస్‌లో స్క్రీన్ రికార్డింగ్) జాబితా తెరిచి, అందులో ఉన్న ప్రతి పేరూ మీకు తెలిసినదేనా చూడండి. ఎప్పుడో ఒక్క మీటింగ్ కోసం ఇచ్చిన అనుమతి అక్కడే ఉండిపోతుంది, దాన్ని తీసేయండి.

లినక్స్‌లో విండోలను స్క్రీన్ మీద చూపించే పద్ధతులు రెండు: పాతది ఎక్స్11, కొత్తది వేలాండ్. ఎక్స్11 వాడుతుంటే ఏ ప్రోగ్రామైనా మొత్తం స్క్రీన్‌ను అడగకుండా చదవగలదు, విండో అడ్డుచెప్పే వీలు లేదు. వేలాండ్‌లో బొమ్మ కావాలంటే మిమ్మల్ని అడిగే ఏర్పాటు ఉంది. సున్నితమైన పని ఉన్నవాళ్లు వేలాండ్‌కు మారడమే దారి.

సొంతంగా ప్రోగ్రాములు రాసేవాళ్లకు ఒక మాట. ఎక్కువగా తప్పు జరిగేది ప్రధాన విండో దగ్గర కాదు. దాని మీద తెరుచుకునే డైలాగ్, కిందికి జారే జాబితా, మౌసు పెడితే వచ్చే టూల్‌టిప్, ఇవి చాలాసార్లు విండోస్ లెక్కలో వేరే విండోలు. ఒక్కోదానికీ విడిగా గుర్తు వేయాలి. లేకపోతే బొమ్మలో ప్రధాన విండో మాయమై, ఖాతా నంబర్లున్న జాబితా ఒక్కటే గాలిలో వేలాడుతూ కనిపిస్తుంది. ఫంక్షన్ తిరిగిచ్చే విలువను చూడకుండా వదిలేయొద్దు, విఫలమైతే విండో మామూలుగానే కనిపిస్తుంది, ఎవరికీ తెలియదు. క్యూటీ లాంటి, విండోలు కట్టే లైబ్రరీలలో విండో తీరు మార్చినప్పుడు లోపల కొత్త విండో పుట్టొచ్చు, దానికి పాత గుర్తు అంటదు. పరీక్ష స్నిప్పింగ్ టూల్‌తో ఆపకండి. స్క్రీన్ రికార్డ్ చేసే ఓబీఎస్‌లో డిస్‌ప్లే క్యాప్చర్, విండో క్యాప్చర్ రెండూ, ఒక మీటింగ్ యాప్‌లో షేర్, ఇవన్నీ చూశాకే వదలండి. ఆఫ్ చేసుకునే వీలు తప్పకుండా ఇవ్వండి.

ఆఫీసులకు మాత్రం ఇవి చాలవు. హైదరాబాద్‌లో విదేశీ ఖాతాదారుల వివరాలతో పనిచేసే టీమ్‌లు చాలావరకు రిమోట్ డెస్క్‌టాప్‌లలో, అంటే దూరంగా సర్వర్ మీద నడిచే కంప్యూటర్‌లో, పని చేస్తాయి. మైక్రోసాఫ్ట్ ఇచ్చే అలాంటి సేవ అజూర్ వర్చువల్ డెస్క్‌టాప్‌లో స్క్రీన్ క్యాప్చర్ ప్రొటెక్షన్ రెండు స్థాయుల్లో ఉంటుంది. ఒకటి ఉద్యోగి కంప్యూటర్‌లో ఆపేది, రెండోది సర్వర్ వైపు కూడా ఆపేది. మొదటిదే పెడితే రిమోట్ సెషన్ లోపల నడిచే మీటింగ్ యాప్ స్క్రీన్‌ను షేర్ చేయగలదు. ఈ కాపుదలను అందుకోలేని చోటు నుంచి, ఉదాహరణకు బ్రౌజర్ నుంచి, కనెక్ట్ కాబోతే ఒప్పుకోదు. ఇంటి నుంచి బ్రౌజర్‌లో పనిచేసేవాళ్లకు ముందే చెప్పకపోతే సోమవారం ఉదయం హెల్ప్‌డెస్క్‌కు ఫోన్లే ఫోన్లు. క్లిప్‌బోర్డు, డ్రైవ్, ప్రింటర్ దారులు మూయకుండా ఇది ఒక్కటే పెట్టడంలో అర్థం లేదు.

ఫోన్ కెమెరాకు జవాబు అక్కడి వాటర్‌మార్కింగ్. స్క్రీన్ నిండా లేతగా క్యూఆర్ కోడ్‌లు పరుస్తుంది. ఫొటో తీయడాన్ని అది ఆపదు, ఎవరి సెషన్ నుంచి తీశారో పట్టిస్తుంది, ఆ భయమే సగం పని చేస్తుంది. కోడ్ పరిమాణం 1 నుంచి 10 వరకు పెట్టొచ్చు, మామూలుగా 4. గాఢత 100 నుంచి 9999 వరకు, మామూలుగా 2000. అంకె తగ్గించేకొద్దీ ఉద్యోగుల కళ్లకు హాయి, కోడ్ చదవడం కష్టం. అమలు చేసే ముందు ఆఫీసులోని మానిటర్‌నే, వెలుతురు పడే కోణంలో, మామూలు ఫోన్‌తో ఫొటో తీసి, కోడ్ చదవగలుగుతున్నారో లేదో చూడండి. తెల్లటి పేజీ మీద ఒకసారి, నల్లటి పేజీ మీద ఒకసారి. కోడ్‌లో ఉండేది ఉద్యోగి పేరు కాదు, కనెక్షన్ నంబర్. ఆ నంబర్‌ను మనిషితో కలిపేది లాగ్ అనలిటిక్స్ అనే అజూర్ రికార్డుల సేవలోని రికార్డు. దాన్ని ముందే ఆన్ చేసి, లాగ్‌లు తగినన్ని నెలలు నిలిచేలా పెట్టకపోతే, ఫొటో బయటపడిన రోజు మీ చేతిలో ఉండేది ఎవరిదో తెలియని ఒక నంబర్.